నీళ్ళు తొందరగా తాగే గుంత

బెంగళూరులో ఇంకుడు గుంతను పరీక్షించే పద్ధతి ఒకటుంది. ట్యాంకర్ తెప్పించి గుంతలోకి నీళ్ళు వదులుతారు. కన్సల్టెంటు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెద్దలు, సెక్యూరిటీవాళ్ళు చుట్టూ నిలబడి చూస్తారు. నీళ్ళు గబగబా లోపలికి పోతే గుంత బాగున్నట్టు. నిలిచి నిలిచి దిగితే చెడిపోయినట్టు. బాగున్న గుంతకు సర్టిఫికెట్ ఇస్తారు, అందరూ కాఫీ తాగుతారు, ఆ ఏడాదికి వాన నీటి సంరక్షణ అయిపోతుంది.

నేను చేసిన ఒకే ఒక్క ఉద్యోగంలో ఈ పరీక్షకు చాలాసార్లు వెళ్ళాను. ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైనవాళ్ళు రాసుకోవాలి. నాకింకా ముప్పై రాలేదు. కానీ ఆ పని మానేశాను, మళ్ళీ వెళ్ళను, కాబట్టి ఒక రకంగా రిటైరైనట్టే. జియాలజీ చదువుకుని ఈ పనిలోకి దిగుతున్న పిల్లలు అప్పుడప్పుడు మెసేజ్ పెడుతుంటారు, పని ఎలా ఉంటుందక్కా అని. నోటితో చెప్పడం నాకెప్పుడూ సరిగా రాదు. అందుకని రాస్తున్నాను.

మా ఆఫీసు మడివాళలో, ఒక టైర్ల షాపు పైన ఉండేది. నేనుండే పీజీ హాస్టల్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఆఫీసంటే ఒక హాలు, గోడ వారన రాతి ముక్కల పెట్టెలు, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు తిట్టుకుంటూ నిలబడి ఉండే ఒక ప్రింటర్. మా సీనియర్ కాటన్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు వ్యాపారుల ఇల్లు. అన్నదమ్ములందరూ అంగట్లో కూర్చుంటే ఈయనొక్కడే రాళ్ళ చదువు చదివాడు. ఆయన తెలుగులో సగం కన్నడం. నా పాలమూరు తెలుగు విని ఆయన పైకే నవ్వేవాడు, ఆయన తెలుగు విని నేను లోపల నవ్వుకునేదాన్ని. చేరిన కొత్తలో రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా పని చేసుకుని వెళ్ళిపోతుంటే ఒక సాయంత్రం ఆపి అడిగాడు.

"ఏమ్మా, నీకు నోరు ఉండాదా, లేకపోతే జీతం పెంచినాక కొనుక్కొస్తావా?"

నేను ఏదో ఒకటి అనాల్సింది. తల వంచుకుని మెట్లు దిగిపోయాను. ఏమనుంటే బాగుండేదో పీజీలో పడుకుని డైరీలో రాసుకున్నాను. నా జవాబులన్నీ అక్కడే ఉన్నాయి.

బెంగళూరు నేల గురించి నాకు తెలిసినదంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. పైన ఎర్రమట్టి. దాని కింద పుచ్చిపోయిన రాయి, చేత్తో నలిపితే పిండైపోతుంది. ఇంకా కిందికి పోతే గట్టి రాయి, ఆ రాతిలో అక్కడక్కడా పగుళ్ళు. బోర్లన్నీ ఆ పగుళ్ళను వెతుక్కుంటూ పోయేవే. వాన నీళ్ళు మట్టిలోంచి దిగేటప్పుడు రేణువుల సందుల్లో ఇరుక్కుంటూ, ఆగుతూ, చుట్టు తిరుగుతూ పోతాయి. ఆ ఆలస్యంలోనే శుభ్రపడతాయి. మురికిని మట్టి కొంత పట్టి ఉంచుకుంటుంది, మట్టిలో ఉండే సూక్ష్మజీవులు కొంత తినేస్తాయి. పగుల్లో ఇదేమీ జరగదు. ఇటు పడింది అటు అలాగే తేలుతుంది.

"మట్టి అంటే గవర్నమెంటాఫీసమ్మా. ఏ కాగితమూ ఊరికే వదలదు. పగులంటే ఏజెంటు. పొద్దున చేతిలో పెడితే మధ్యాహ్నానికి పనైపోతుంది" అనేవాడు ఆయన. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ ఇది చెప్పేవాడు. ప్రతిసారీ తనే ముందు నవ్వేవాడు.

వర్తూరు వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం ఉంది. వాళ్ళ బోరు ఒకటి ఎండిపోతే, కొన్నేళ్ళ కిందట మా సీనియరే దాన్ని ఇంకుడు బోరుగా మార్పించాడు. అంటే ఎండిన బోరు చుట్టూ పెద్ద గుంత తవ్వి, బోరులో దింపిన కేసింగ్ పైపుకు చిల్లులు పెట్టి, అడుగున రాళ్ళు, వాటిపైన గులకరాళ్ళు, బొగ్గు, అన్నిటికన్నా పైన మందంగా ఇసుక పోయించాడు. మేడ మీద పడిన వాన నీళ్ళు మాత్రమే అందులోకి రావాలి. ఇసుకలోంచి నెమ్మదిగా దిగి, పైపులోకి చేరి, అక్కణ్ణుంచి పగుల్లోకి పోవాలి. కింద మట్టి చేసే పనిని పైన ఇసుక చేయాలన్నమాట. ఆ గుంతంటే ఆయనకు గర్వం. ఆఫీసు గోడకు దాని ఫొటో ఉండేది.

నేను చేరిన రెండో ఏడాది వానాకాలంలో ఆ గుంత పరీక్షకు నన్ను పంపారు. ట్యాంకర్ నీళ్ళు వదలగానే గుంత మింగేసింది. అసోసియేషన్ సెక్రటరీ పక్కనే ఉన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మర్యాదస్తులు. ఎండలో నిలబడ్డానని నాకు గొడుగు తెప్పించారు.

"చూశారా, సూపర్‌గా తాగుతోంది" అన్నారు.

నేను వంగి చూశాను. గులకరాళ్ళు కనిపిస్తున్నాయి.

"ఇసుక ఏదండీ?"

"తీసేయించామండీ. ఇసుకుంటే నీళ్ళు నిలుస్తున్నాయ్. పక్కనే పిల్లలాడుకునే చోటు, దోమలు. పైగా పోయినసారి మీ ఆఫీసు నుంచి వచ్చినతను, చాలా స్లోగా ఉంది, ఇలాగైతే పాస్ చేయలేను అన్నాడు. తీసేశాక చూడండి ఎంత ఫాస్టో."

అంటే ఇసుకను తీయించింది మా పరీక్షే. గుంత తన పని తాను చేస్తుంటే ఫెయిల్ చేశాం. చేయడం మానేశాక పాస్ చేస్తున్నాం.

మేడ మీద నుంచి వచ్చే పైపు పక్కన ఇంకో పైపు కనిపించింది. బేస్‌మెంట్‌లోకి వాన నీళ్ళు వస్తుంటే లోపలి రోడ్డు పక్క కాలవను కూడా దీన్లోకి కలిపామన్నారు. ఆ కాలవ వెంబడి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళాను. అది మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు గోడ పక్క నుంచి మొదలవుతోంది. కరెంటు పోయి, జనరేటర్ అందుకోవడం ఆలస్యమైనప్పుడల్లా ప్లాంటు పొంగి కాలవలోకి పారుతుందని అక్కడి ఆపరేటర్ చెప్పాడు. చెప్పకపోయినా వాసనకు తెలుస్తోంది.

పక్క బోర్లలో నీటి మట్టం కొలవడం కూడా మా పనిలో భాగం. కాంపౌండ్ గోడ అవతల ఒక ఖాళీ స్థలంలో రేకుల షెడ్లు ఉన్నాయి. ఆ చుట్టుపక్కల లేస్తున్న టవర్లలో పనిచేసే కుటుంబాలు అక్కడ ఉంటున్నాయి. ఎక్కువమంది అనంతపురం, కర్నూలు వైపువాళ్ళు, కొందరు మా వైపువాళ్ళు. స్థలం ఓనరు వేయించిన ఒక బోరు, దాని పక్కన సిమెంటు తొట్టి. అందరి తాగునీళ్ళూ అవే. తొట్టి దగ్గర ఒకామె బిందెలను వరసలో పెట్టిస్తోంది. మేస్త్రీ భార్య. తానూ ఇటుకలు మోస్తుంది, కానీ ఆ తొట్టి దగ్గర మాత్రం ఆమెదే అధికారం.

"ఎవరు మేడమ్ నువ్వు? ఓట్లకా, టీకాలకా?"

"నీళ్ళు చూసేటందుకు వచ్చిన" అన్నాను. కంగారులో నా ఊరి మాటే వచ్చింది.

"యా ఊరు నీది?"

"పాలమూరు దిక్కు."

"అట్ల చెప్పు మల్ల. ప్యాంటేసుకున్న్యావు, కన్నడపు పిల్లేమో అనుకున్న్యా. మాది కదిరి పక్కన. నీళ్ళు చూసేదేముండాది, తాగు." గ్లాసు ముంచి ఇచ్చింది.

నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. గోడ అవతల చూసినదంతా కళ్ళ ముందుంది. ఆమె కనిపెట్టింది.

"మా నీళ్ళు తాగవా?"

"పిల్లల కడుపులు మంచిగనే ఉంటున్నయా?"

ఆమె ముఖం మారింది. వానలు మొదలైనప్పటినుంచి ఒకరి తర్వాత ఒకరికి విరేచనాలని చెప్పింది. ఆమె కూతురికి సెలైన్ ఎక్కించాల్సి వచ్చిందట. "ఆస్పత్రిలో నీళ్ళు కాంచి తాగండంటారు. అన్నం వండేదానికే గ్యాసు ల్యాదు, నీళ్ళు కాంచేదానికి యాడ తెచ్చేది? ఈ బోరుండబట్టే మేము ఈడ ఉండాము మేడమ్. ఇది ల్యాకుంటే ఓనరు ఈ రేకులు గూడా పీకేస్తాడు."

బాటిల్లో నీళ్ళు పట్టుకుంటుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "దీంట్లో ఏముండాదో చూసి నాకు చెప్పల్ల. వాళ్ళకూ వీళ్ళకూ కాదు, నాకు." నా ఫోన్ నంబరు తీసుకుని, నిజమైనదో కాదోనని అక్కడే ఒకసారి రింగిచ్చి చూసుకుంది.

ల్యాబు నుంచి ఫలితం వచ్చింది. నీళ్ళలో మలం నుంచి వచ్చే బాక్టీరియా ఉంది. ఆమెకు ఫోన్ చేసి, తాగొద్దని చెప్పాను. "తాగకుండా ఏం చేయల్ల?" అంది.  సీనియర్‌తో చెప్పాను. ఇసుక తీసేశారన్నప్పుడు ఆయన గోడ మీది ఫొటో వైపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. "ఉండప్పా, ఆలోచించల్ల" అన్నాడు అంతే.

అసోసియేషన్ వాళ్ళతో మీటింగ్ పెట్టారు. సెక్రటరీ మా మాట తీసిపారేయలేదు, శ్రద్ధగానే విన్నారు.

"కానీ ఆ షెడ్ల దగ్గర టాయిలెట్లకు గుంతలే కదండీ ఉన్నాయి. బోరు పక్కనే. మురికి అక్కణ్ణుంచి రావచ్చు కదా? మా గుంతే అని ఎలా చెప్తారు?"

న్యాయమైన ప్రశ్నే. సీనియర్ బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. మీటింగుల్లో నేను మంచినీళ్ళు కావాలన్నా అడిగేదాన్ని కాదు. ఆ రోజు మాట్లాడాను.

"ఉప్పు పోసి చూడొచ్చండీ. మీ గుంతలో ఉప్పు నీళ్ళు పోస్తాం. అవతలి బోరులో ఉప్పు పెరుగుతుందేమో కొలుస్తాం. దారి ఉంటే తెలుస్తుంది, లేకపోతే అదీ తెలుస్తుంది."

"చేయండి. మా మీద మాట లేకుండా పోతుంది" అన్నారు సెక్రటరీ వెంటనే. ఆయనకు అంత నమ్మకం.

బయటికొచ్చాక సీనియర్ కారు దగ్గర ఆగాడు. "నోరు కొనుక్కొచ్చినావే" అన్నాడు. కారు తలుపు తీస్తూ, "ఆ గుంత నేను కట్టించింది. తెలుసు కదా?" అన్నాడు.

"తెలుసు సార్."

"తెలిసే అడిగినావు."

ఆయన తలచుకుంటే అక్కడితో ఆపేయగలడు. ఆపలేదు. పైగా కాటన్‌పేటలో అన్నగారి అంగట్లోంచి కల్లుప్పు మూటలు తనే కార్లో వేసుకొచ్చాడు. షెడ్లవాళ్ళకు పరీక్ష జరిగినన్నాళ్ళూ ట్యాంకర్ నీళ్ళు ఏర్పాటు చేశాడు. ఇది రాయకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది.

ఉప్పు కలిపిన నీళ్ళు పొద్దున గుంతలో పోశారు. నేను గోడ అవతల తొట్టి దగ్గర బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాను. బోరు మోటారు ఆడుతూనే ఉంది. కొంచెం కొంచెంసేపటికి నీళ్ళు పట్టి మీటరు ముంచి చూడటమే నా పని. నీళ్ళలో ఉప్పు పెరిగితే మీటరులో అంకె పెరుగుతుంది. మేస్త్రీ భార్య ఆ రోజు పనికి పోలేదు.

"ఆడ మూటలు మూటలు పోస్తాండారంట ఉప్పు. ఈడ మా పప్పులోకి ల్యాదు. మిగిల్తే ఇటు ఇయ్యమను."

"అడుగుతా."

"అడగద్దులే, నువ్వు అడిగేలోపల ఎండాకాలం వస్తాది."

అంకె కదల్లేదు. సీనియర్ ఫోన్ చేశాడు. "ఏమన్నా మారిందా?" "లేదు సార్." "మారదులే" అన్నాడు. ఆ గొంతులో ఆశ ఉంది. ఆయన అలా ఆశపడటం వినడం నాకు కష్టంగా అనిపించింది. మట్టిలోంచి రావాల్సి వస్తే ఆ ఉప్పు ఎన్ని నెలలకు వచ్చేదో, అసలు వచ్చేదో కాదో. షెడ్లలో మధ్యాహ్నం అన్నాలకు కూర్చునే వేళకు అంకె కదిలింది. మీటరు కడిగి మళ్ళీ చూశాను. ఇంకా పెరిగింది. ఆ తర్వాత ప్రతిసారీ పెరుగుతూనే పోయింది.

సీనియర్‌కు చెప్పాను. "మీటరు కడిగినావా?" అన్నాడు.

"మీటరు కడిగే చూశాను సార్."

"చూసింటావులే. చూడకుండా నువ్వు చెప్పవు."

మేస్త్రీ భార్య పక్కన నిలబడి అంతా వింటోంది. "కలిసిందా?" అంది.

"కలిసింది."

"అంటే వాళ్ళు దొడ్డికి పోయిన నీళ్ళు మేము తాగినామా?"

అవునన్నాను. ఆమె తొట్టి అంచు మీద చెయ్యి ఆనించి, గోడ అవతలి బాల్కనీల వైపు చూస్తూ నిలబడింది. "నా బిడ్డ తాగింది" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు బలే దానివి తల్లీ. చెప్తానంటివి, చెప్తివి" అంది. ఆ మాటకు నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు తలచుకోవడం ఇష్టం లేదు.

రిపోర్టు నేనే రాశాను. మా పనిలో సూచనలు రాయడానికి ఒక వరస ఉంటుంది. మీకూ అదే నేర్పుతారు. ఇవాళ జరుగుతున్న హానిని ఆపేది మొదట, ఆ హానికి కారణాన్ని తీసేసేది తర్వాత. నేను అలాగే రాశాను. మొదటి సూచన: షెడ్ల దగ్గరి బోరు నీటి వాడకాన్ని వెంటనే ఆపాలి, ఆ కుటుంబాలకు వేరే మంచినీళ్ళు ఇవ్వాలి. రెండోది: అపార్ట్‌మెంట్ ఇంకుడు బోరులోకి కాలవ నీళ్ళు రాకుండా కట్టేయాలి, ఇసుక మళ్ళీ పోయాలి, అది పూర్తయ్యేదాకా ఆ బోరును మూసి ఉంచాలి. సీనియర్ చదివి, రెండు చోట్ల కామాలు దిద్ది, సంతకం పెట్టాడు. ఆయన కట్టించిన గుంత జనాన్ని జబ్బుపాలు చేసిందని చెప్పే కాగితం అది. పెన్ను మూత పెడుతూ, "బాగా రాసినావు" అన్నాడు. గర్వపడుతూ పీజీకి నడిచాను.

కొన్నాళ్ళకు సెక్రటరీ ఫోన్ చేశారు. "చాలా క్లియర్‌గా ఉందండీ రిపోర్టు. ఫస్ట్ పాయింట్ మీద వెంటనే యాక్షన్ తీసుకోమని వార్డు ఆఫీసుకు పంపించాం. పిల్లల హెల్త్ కదా."

"మరి రెండోదండీ?"

"అది జనరల్ బాడీ మీటింగులో పెట్టాలి. పెడతాం."

తర్వాతి వారం పొద్దున్నే మేస్త్రీ భార్య నుంచి ఫోను. "మేడమ్, బోరు కాడికి జీపొచ్చింది. నువ్వు పంపించినావా?"

మడివాళ నుంచి వర్తూరు చేరేసరికి ఎండెక్కింది. మోటారు పైకి తీసేశారు. పైపులు నేల మీద వరసగా పడున్నాయి, వాటిలోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. వెల్డరు బోరు మూతికి ఇనుప రేకు పెట్టి అతుకుతున్నాడు. పనికి పోకుండా ఆగిపోయిన ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడ్డారు. వార్డు ఇంజనీరు జీపుకు ఆనుకుని ఉన్నాడు. వయసులో నాకన్నా కొంచెమే పెద్ద. ఆయన చేతిలో నా రిపోర్టు. మొదటి సూచన మీద పసుపు రంగు గీత.

నా కన్నడం అంతంతమాత్రం. ఆపండని చెప్పాను.

"ఇది మీరు రాసిందే కదా మేడమ్?"

"నేనే. కానీ రెండోది కూడా చదవండి. అసలు మూయాల్సింది అది."

"చదివాను. అది ప్రైవేటు ఆస్తి లోపల ఉంది. చేసుకుంటామని అసోసియేషన్ వాళ్ళు రాసిచ్చారు. ఇది ప్రజారోగ్యం, మా పని. ప్రమాదమని మీరే రాశాక నేను మూయకుండా ఉంటే, రేపు ఏ పిల్లకైనా ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?"

"వేరే నీళ్ళు ఇవ్వాలని కూడా రాశాను."

"ట్యాంకరు తెప్పించమని ఓనరుకు చెప్పాం."

మేస్త్రీ భార్య ముందుకొచ్చింది. "నీళ్ళు చెడిపింది వాళ్ళ గుంత. మూస్తే దాన్ని మూయల్ల. మా బోరెందుకు మూస్తాండారో అడుగు." నేను కన్నడంలో అడిగాను. ఇంజనీరు విన్నాడు. "ఆమె చెప్పేది కరెక్టే" అన్నాడు. వెల్డరుకు కానివ్వమని చెయ్యి ఊపాడు.

అప్పుడు నేను అరిచాను. ఏ భాషలో అరిచానో నాకు సరిగా గుర్తు లేదు. బాల్కనీల్లోంచి కొందరు తొంగి చూశారు. వెల్డరు కళ్ళకడ్డం పెట్టుకున్న అద్దం పైకెత్తి నా వైపు, ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు తల ఊపాడు. మళ్ళీ నిప్పురవ్వలు లేచాయి.

సీనియర్‌కు దారిలోనే ఫోన్ చేశాను. ఆయన వచ్చి ఇంజనీరుతో నెమ్మదిగా, సొంత ఊరివాళ్ళు మాట్లాడుకునే కన్నడంలో మాట్లాడాడు. ఇంజనీరు ఆయనకు ఆయన సంతకమే చూపించాడు. సీనియర్ వెనక్కొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"రిపోర్టు వెనక్కి తీసుకుందాం సార్" అన్నాను.

"తీసుకుంటే, నీళ్ళు బాగుండాయని రాయల్ల. రాస్తావా?"

నేను బోరు మూతి వైపు చూశాను.

"ఆ పిల్లలకు అవే నీళ్ళు మళ్ళీ తాపుతావా?"

రేకు అతకడం అయిపోయింది. వేడి తగ్గాలని దాని మీద ఒక మగ్గు నీళ్ళు పోశారు. మేస్త్రీ భార్య బిందె చంకన పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ట్యాంకరు కొన్నాళ్ళు వచ్చింది, తర్వాత మానేసింది. బోరు లేని స్థలంలో కూలీలను పెట్టుకోవడం దండగని ఓనరు ఖాళీ చేయమన్నాడు. తలా ఒక వైపు వెళ్ళిపోయారు. రేకులు విప్పి, స్థలం చదును చేసి, అపార్ట్‌మెంటుకు వచ్చే చుట్టాల కార్లు పెట్టుకోవడానికి అద్దెకిచ్చారు. ఇవన్నీ నాకు తర్వాతి వానాకాలంలో తెలిశాయి, గుంత పరీక్షకు మళ్ళీ అక్కడికే పంపినప్పుడు.

ఇసుక పోయలేదు. కాలవ పైపు అలాగే ఉంది. సెక్రటరీ ఈసారీ గొడుగు తెప్పించారు.

"బడ్జెట్‌లో పెట్టామండీ, వచ్చే ఏడాది అయిపోతుంది. అయినా ఇప్పుడు పక్కన ఎవరూ తాగట్లేదు కదా, రిస్క్ లేదు."

నీళ్ళు గబగబా లోపలికి పోయాయి. ఆఫీసుకొచ్చి సీనియర్‌ను అడిగాను, ఏం రాయమంటారని. ఆయన నా ముఖం చూడకుండా చెప్పాడు. "తొందరగా తాగుతాఉండాదని రాయి. అది అబద్ధం కాదు కదా."

అబద్ధం కాదు. నేను రాయలేదు. ఆ నెలలోనే మానేశాను. ఇదేమీ గొప్పగా చెప్పుకోవడం లేదు, నా తర్వాత చేరిన అమ్మాయి రాసిందని విన్నాను, ఆ గుంతకు సర్టిఫికెట్ వచ్చింది. చివరి రోజున సీనియర్ కింద టైర్ల షాపు దాకా వచ్చి సాగనంపాడు.

"నీ మీద కోపం లేదమ్మా. నా మీద గూడా నాకు కోపం రావడం లేదు. అదే భయంగా ఉండాది."

ఎవరూ తాగట్లేదని సెక్రటరీ అన్న మాట గురించి చాలాసార్లు ఆలోచించాను. పగులు ఆ బోరు దగ్గర ఆగిపోదు. మనం మూతికి రేకు అతికామని రాతికి తెలియదు. ఆ నీళ్ళు ఇంకా ఎటో పోతున్నాయి, అక్కడ ఇంకెవరిదో బోరు ఉంటుంది. ఇదివరకు కనీసం కొలిచి చూడటానికి మధ్యలో ఒక బోరన్నా తెరిచి ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

ఈ పనిలోకి వస్తున్న మీకు నేను చెప్పగలిగింది ఒకటే. మీ రిపోర్టులో మొదటి సూచన మాత్రమే అమలవుతుంది. అందులోనూ ఎవరికీ ఖర్చు కాని సగం మాత్రమే. అయితే గుంత మూయమనడం మొదట రాసి, నీళ్ళు తాగొద్దనడం తర్వాత రాయాలా అని అడుగుతారు. పిల్లలు ఆ నీళ్ళు తాగుతుండగా, ఆ మాటను మీరు రెండో వరసలో ఎలా పెడతారు? ఎన్నిసార్లు మార్చి రాసుకున్నా నాకు సరైన వరస దొరకలేదు. దొరికితే నాకు రాయండి.

మానేసిన కొన్ని నెలలకు మేస్త్రీ భార్య ఫోన్ చేసింది. హొసకోటె దాటినాక ఒక సైటులో ఉన్నారట. వెనకాల కాంక్రీటు కలిపే మిషను చప్పుడు.

"పాపకు బాగైపాయ తల్లీ. ఒళ్ళు గూడా చేసింది. నీకు చెప్దామని చేసినా."

సంతోషమన్నాను. అక్కడ నీళ్ళెట్లున్నయని అడిగాను.

"బోరుండాది. తియ్యగుండాయి."

"నేను ఒకసారి వచ్చి చూడనా? ఉద్యోగం మానేసిన. రిపోర్టు గిపోర్టు ఏమీ రాయను. ఊరికే చూసి పోత."

మిషను ఆగింది. 

"రావద్దులే తల్లీ. నీళ్ళు బాగుండాయి."